ఒకే మాల్ట్‌తో తయారైన బీరు: ఏ మాల్ట్‌ను ఎంచుకోవాలి, దాని రుచిని ఎలా గుర్తుపట్టాలి

క్రాఫ్ట్ బీరు తయారుచేసేవారు ఒక బీరులో సాధారణంగా మూడు నాలుగు రకాల మాల్ట్‌లు కలుపుతారు. ఒకటి ఆల్కహాలుకు కావలసిన చక్కెరనిస్తే, మరొకటి రంగునిస్తుంది, ఇంకొకటి చిక్కదనానికో నురగ నిలబడడానికో తోడ్పడుతుంది. ఇలా కలిసిపోయిన తరువాత ఏ రుచి ఏ గింజ నుంచి వచ్చిందో చెప్పడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే. ఒకే మాల్ట్‌తో తయారైన బీరులో ఆ ఇబ్బంది ఉండదు: ధాన్యం తాలూకు రుచి ఏది తగిలినా అది ఆ ఒక్క మాల్ట్‌దే. బీరు రుచిని శ్రద్ధగా నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి మొదలు లేదని నా అభిప్రాయం. అయితే ఇలాంటి బీర్లన్నీ ఒక్క తీరుగా ఉండవు. పిల్స్‌నర్ మాల్ట్‌తో చేసినదానికీ మ్యూనిక్ మాల్ట్‌తో చేసినదానికీ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. అందుకే వాటిలో ఏది గొప్పదని అడగడం కంటే, ఏ రుచిని తెలుసుకోవాలని మనం కూర్చుంటున్నామో ముందు తేల్చుకోవడం మంచిది.

ఏ మాల్ట్‌లు ఒంటరిగా పనికివస్తాయి

ధాన్యాన్ని, ఎక్కువగా బార్లీని, నీటిలో నానబెట్టి, మొలక వచ్చేదాకా ఉంచి, తరువాత బట్టీలో వేడిగాలితో ఆరబెడితే మాల్ట్ తయారవుతుంది. మొలకెత్తే సమయంలో గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగల ఎంజైములు సిద్ధమవుతాయి. బట్టీలో వేడి పెరిగేకొద్దీ రంగు, రుచి పెరుగుతాయి, ఎంజైముల బలం మాత్రం తగ్గుతూ వస్తుంది. మన ఎంపికకు హద్దులు గీసేది ఈ విషయమే. నల్లగా వేయించిన మాల్ట్‌లో గానీ, గింజ లోపలే చక్కెర పాకమై గట్టిపడేలా చేసిన క్రిస్టల్ మాల్ట్‌లో గానీ ఎంజైములు మిగలవు కాబట్టి, మరో మాల్ట్ తోడు లేకుండా వాటితో బీరు తయారు కాదు. ఒకే మాల్ట్ అని రాసి ఉన్న బీరు కాఫీలా నల్లగా కనిపిస్తే, ఆ రంగు మరెక్కడి నుంచో వచ్చిందని అనుకోవచ్చు.

చరిత్రలో దీనికి ఒక ఆసక్తికరమైన మినహాయింపు ఉంది. 18వ శతాబ్దంలో లండన్ పోర్టర్ అనే ముదురు బీరును మొదట పూర్తిగా బ్రౌన్ మాల్ట్‌తోనే తయారుచేసేవారు. ఆనాటి బ్రౌన్ మాల్ట్‌లో ఎంజైములు ఇంకా మిగిలి ఉండేవి. 1817లో డేనియల్ వీలర్ మాల్ట్‌ను నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు పొందిన తరువాత, లేత మాల్ట్‌ను ఎక్కువగా వాడి, రంగు కోసం కొద్దిగా నల్ల మాల్ట్ కలిపే పద్ధతి వ్యాపించింది. ఈనాటి బ్రౌన్ మాల్ట్ ఒంటరిగా పనిచేయదు. కాబట్టి ఇప్పుడు మన ముందున్నవి ప్రధానంగా పిల్స్‌నర్, పేల్ ఏల్, వియెన్నా, మ్యూనిక్ మాల్ట్‌లు. వీటి పక్కన పొగబెట్టిన మాల్ట్, గోధుమ మాల్ట్ కూడా ఉన్నాయి.

పిల్స్‌నర్ మాల్ట్

అన్నిటికంటే లేత రంగు దీనిదే. బట్టీలో చివరి దశ వేడిని సుమారు 80 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆపేస్తారు. యూరప్ కొలమానమైన ఈబీసీలో దీని రంగు 3 నుంచి 4 మధ్య ఉంటుంది. దీని రుచిలో పచ్చి ధాన్యం, ఎండుగడ్డి, పలుచని తేనె ఛాయలు వినిపించీ వినిపించనట్టు ఉంటాయి. ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధి పొందిన ఒకే మాల్ట్ బీరు ఇక్కడిదే: 1842లో చెక్ దేశంలోని పిల్జెన్ నగరంలో యోసెఫ్ గ్రోల్ తొలిసారి తయారుచేసిన లాగర్‌కు (చల్లని చోట నెమ్మదిగా పులియబెట్టే బీరుకు) ఆధారం మొరావియా బార్లీతో చేసిన లేత మాల్ట్, సాజ్ రకం హాప్స్ (బీరుకు చేదును, వాసనను ఇచ్చే పువ్వులు), లవణాలు చాలా తక్కువగా ఉన్న అక్కడి నీరు. ఆ వంశానికి చెందిన పిల్స్‌నర్ ఉర్క్వెల్‌లో కనిపించే నిండైన రంగుకు, రొట్టెను గుర్తుచేసే లోతుకు కారణం మాల్ట్ ఒక్కటే కాదు. మాల్ట్ పిండిని వేడినీటిలో కలిపిన ముద్దలో కొంత భాగాన్ని వేరుగా తీసి, మరిగించి, తిరిగి కలిపే డికాక్షన్ పద్ధతిని అక్కడ ఒకే బీరుకు మూడుసార్లు పాటిస్తారు. అదే మాల్ట్‌ను మరిగించకుండా నేరుగా వాడిన తయారీదారు బీరు దానికంటే లేతగా, తేలికగా ఉండడం సహజం.

పిల్స్‌నర్ మాల్ట్ బీరును కొత్తవారికి నేను మొదటి ఎంపికగా సూచించను. అది చాలా మంచి బీరు కావచ్చు, కానీ మాల్ట్ అందులో చాలా మెల్లగా మాట్లాడుతుంది. హాప్స్ చేదు కొంచెం ఎక్కువైనా మాల్ట్ మరుగునపడుతుంది. పైగా తక్కువ వేడి మీద ఆరిన కారణంగా, ఉడికించిన మొక్కజొన్న వాసననిచ్చే డైమిథైల్ సల్ఫైడ్‌కు మూలమైన పదార్థం ఇందులో ఎక్కువగా మిగిలి ఉంటుంది. అందుకే చాలామంది తయారీదారులు పిల్స్‌నర్ మాల్ట్ రసాన్ని 60 నిమిషాలతో సరిపెట్టక 90 నిమిషాలు మరిగిస్తారు. ఆ మొక్కజొన్న వాసన బలంగా తగిలితే దాన్ని మాల్ట్ సొంత సువాసనగా మెచ్చుకోవలసిన అవసరం లేదు. లేత లాగర్లలో అది లీలగా ఉంటే మాత్రం తప్పుపట్టరు.

పేల్ ఏల్ మాల్ట్, దానిలో బార్లీ రకాల ప్రశ్న

ఏల్ అంటే లాగర్ కంటే వెచ్చగా ఉంచి పులియబెట్టే బీరు. కొంచెం ఎక్కువ వేడి మీద ఆరిన ఈ మాల్ట్ రంగు సుమారు 5 నుంచి 7 ఈబీసీ ఉంటుంది. రుచిలో బిస్కెట్, వేడి చేసిన రొట్టె పైపొర, కొద్దిపాటి గింజల కమ్మదనం ఉంటాయి. బార్లీ రకం పేరును సీసా మీద గర్వంగా వేసుకునే అలవాటు ఎక్కువగా కనిపించేది ఈ కోవలోనే. మారిస్ ఆటర్ అన్న రకాన్ని ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ దగ్గర ట్రంపింగ్టన్‌లో ఉన్న ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో జి.డి.హెచ్. బెల్ బృందం రూపొందించింది; 1960ల మధ్యలో అది రైతుల చేతికి వచ్చింది. దిగుబడిలో కొత్త రకాలు దాన్ని దాటిపోయినా, రుచి కోసం అదనపు ధర చెల్లించే బీరు తయారీదారుల వల్ల అది నేటికీ సాగులో నిలిచింది. స్కాట్లండులో పేరుపొందిన గోల్డెన్ ప్రామిస్ మరో రకం. మేథార్ప్ అనే పాత బార్లీ మీద గామా కిరణాలు ప్రసరింపజేసి దాన్ని సృష్టించారు. మారిస్ ఆటర్ బీరులో బిస్కెట్ ఛాయ, నిండుదనం ప్రస్ఫుటంగా ఉంటాయని, గోల్డెన్ ప్రామిస్ దానికంటే మెత్తగా, తియ్యగా అనిపిస్తుందని తాగేవారిలో ఎక్కువమంది చెబుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒకే వేడిమి మీద ఆరబెట్టిన రెండు బార్లీ రకాల మధ్య తేడా, ఒకే బార్లీని రెండు వేర్వేరు వేడిమిల మీద ఆరబెడితే వచ్చే తేడా కంటే చాలా చిన్నది. మారిస్ ఆటర్‌ను, గోల్డెన్ ప్రామిస్‌ను పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడం ముందడుగులోనే ఎదురుకావలసిన పరీక్ష కాదు. బార్లీ రకాన్ని చూసి బీరు ఎంచుకునేవారు ముందుగా మాల్ట్ కోవల మధ్య తేడాలు నాలుకకు పట్టుబడేదాకా ఆగితే, ఆ తరువాత ఈ సూక్ష్మమైన తేడాలు కూడా ఆనందాన్నిస్తాయి. తొందరపడితే, పేరు చదివిన తరువాత ఊహించుకున్న రుచినే గ్లాసులో వెతుక్కోవలసి వస్తుంది.

వియెన్నా, మ్యూనిక్

1833లో వియెన్నాకు చెందిన ఆంటాన్ డ్రెహర్, మ్యూనిక్‌కు చెందిన గాబ్రియేల్ సెడ్ల్‌మయర్ బ్రిటన్‌లోని బీరు కర్మాగారాలను చూసివచ్చారు. నేరుగా మంట తగలకుండా వేడిగాలితో మాల్ట్‌ను ఆరబెట్టే బ్రిటిష్ పద్ధతిని తమ దేశాల లాగర్ తయారీకి అన్వయించడంలో ఈ ఇద్దరిదీ ముఖ్యమైన పాత్ర. 1841లో డ్రెహర్ వియెన్నా దగ్గరి ష్వెచాట్‌లో కొత్త రకం లాగర్‌ను విడుదల చేశాడు; రాగి ఛాయ కలిగిన ఆ బీరుకు ఆధారమైన మాల్ట్‌కు వియెన్నా పేరే నిలిచింది.

వియెన్నా మాల్ట్ రంగు 6 నుంచి 10 ఈబీసీ మధ్య ఉంటుంది. అంకెల్లో పేల్ ఏల్ మాల్ట్‌కు దగ్గరే అయినా రుచిలో తేడా స్పష్టం: కాల్చిన రొట్టె ముక్క వాసన, దానితోపాటు గింజల కమ్మదనం, చివరలో పొడిగా ముగిసే స్వభావం. మొదటిసారి ఒకే మాల్ట్ బీరు కొనేవారికి నా సలహా నిస్సందేహంగా వియెన్నాయే. పిల్స్‌నర్‌లో లాగా చెవి ఒగ్గి వినవలసిన పని లేదు, మ్యూనిక్‌లో లాగా ఒక్క రుచే గ్లాసంతా ఆక్రమించదు. మాల్ట్ రుచి అంటే ఏమిటో ఒక్క గ్లాసులో చూపించమంటే నేను దీన్నే ఎంచుతాను.

మ్యూనిక్ మాల్ట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తేమ ఇంకా ఎక్కువగా ఉన్నప్పుడే వేడి పెంచి, చివరి దశలో 100 డిగ్రీల దాకా లేదా అంతకు పైకి తీసుకువెళ్ళడం వల్ల గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి చర్య జరిపి మెలనాయిడిన్లు ఏర్పడతాయి. రొట్టె పైపొర గోధుమరంగుకు తిరగడానికి కారణమైన మయార్ చర్య ఇదే. లేత మ్యూనిక్ రంగు 12 నుంచి 18 ఈబీసీ, ముదురు మ్యూనిక్ రంగు 20 నుంచి 25 ఈబీసీ దాకా ఉంటుంది. ముదురు మ్యూనిక్‌లో ఎంజైముల బలం తన పిండిని తాను మార్చుకోవడానికి మాత్రమే సరిపోతుంది. ఇంకో పిండిని మోసే శక్తి దానికి ఉండదు. ఈ మాల్ట్ ఒక్కదానితోనే చేసిన బీరును ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే బాగా కాలిన రొట్టె అంచు వాసన, దాని వెనుక ఎండుపండ్ల ఛాయ వస్తాయి. తియ్యని వాసన వచ్చినంత మాత్రాన బీరులో చక్కెర మిగిలి ఉందని అనుకోనక్కరలేదు: బాగా పులిసిన మ్యూనిక్ లాగర్ వాసనకు తియ్యగా, గుటక వేశాక పొడిగా ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి గమనించగలిగిన రోజున రుచి చూడడంలో నిజమైన ప్రగతి మొదలైనట్టే. అయితే నూరుశాతం మ్యూనిక్ బీరు అందరికీ నచ్చకపోవచ్చు. మొదటి చిన్న గ్లాసు అద్భుతంగా అనిపించి, రెండోదానికల్లా బరువుగా తోచడం సాధారణం. అందుకే దీన్ని ఎక్కువసేపు తాగే బీరుగా కాక, పోల్చి చూసే బీరుగా ఎంచుకోమంటాను.

పొగబెట్టినవి, గోధుమవి

జర్మనీలోని బాంబెర్గ్ నగరంలో ష్లెంకెర్లా, ష్పెజియాల్ కర్మాగారాలు బీచ్ కట్టెల మంట మీద తమ మాల్ట్‌ను తామే ఆరబెట్టుకునే పాత పద్ధతిని ఇంకా కొనసాగిస్తున్నాయి. పోలండుకు చెందిన గ్రోజిస్కియె ఇంకో దారి: ఓక్ పొగ పట్టించిన గోధుమ మాల్ట్ ఒక్కదానితోనే చేసే ఈ బీరు లేత రంగులో, పలుచగా, బాగా బుడగలతో, తక్కువ ఆల్కహాలుతో ఉంటుంది. రెండూ తప్పక చూడదగినవే. కానీ పొగ ముందుకొచ్చి నిలబడితే దాని వెనుకనున్న ధాన్యం కనిపించదు కనుక, మాల్ట్‌ల పోలికలో వీటిని చివరికి ఉంచాలి. పొగలేని గోధుమ మాల్ట్‌తో మాత్రమే చేసిన బీర్లు అరుదు. గోధుమకు పొట్టు ఉండదు, పొట్టు లేకపోతే రసం వడకట్టడం కష్టమవుతుంది. తయారీదారులు బార్లీ కలపడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి.

మాల్ట్‌ది కానిదాన్ని పక్కనపెట్టడం

సీసాలో ఒకే మాల్ట్ ఉన్నా, గ్లాసులోని ప్రతి రుచీ మాల్ట్‌ది కాదు. పోలిక తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే. చిక్కదనం సంగతే తీసుకుందాం. మాల్ట్ పిండిని వేడినీటిలో 62 నుంచి 65 డిగ్రీల మధ్య ఉంచితే ఈస్ట్ సులువుగా తినగల చక్కెర ఎక్కువ తయారై బీరు పలుచగా, పొడిగా ముగుస్తుంది. 68 లేదా 70 డిగ్రీల దగ్గర ఉంచితే పులియని చక్కెరలు మిగిలి బీరు నిండుగా, తియ్యగా ఉంటుంది. అంటే నోటికి తగిలే బరువులో చాలాభాగం తయారీదారు నిర్ణయమే. పండ్ల వాసనలు ఎక్కువగా ఈస్ట్, హాప్స్ తెచ్చేవి. వెన్న లేదా మెత్తని మిఠాయి లాంటి జారుడు రుచి డయాసిటైల్ అనే పదార్థానిది. దాన్ని మాల్ట్ కమ్మదనమని పొరబడడం చాలా సులువు.

అన్నిటికంటే మోసపుచ్చేది పాతబడిన బీరు. గాలి సోకి నెలలు గడిచిన లేత బీరులో తడిసిన అట్టపెట్టె వాసన వస్తే ఎవరైనా పట్టేస్తారు. కానీ అదే మార్పు కొన్నిసార్లు తేనెగా, పాకంగా, చప్పగా తియ్యనిదిగా కనిపించి, లేత మాల్ట్ బీరుకు లేని లోతును ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి రెండు సీసాలు పోల్చేటప్పుడు వాటి తయారీ తేదీలు దగ్గరగా ఉన్నాయో లేదో ముందు చూడాలి. లేత మాల్ట్ బీర్లలో వీలైనంత తాజాదాన్నే ఎంచుకోవాలి. వెలుతురు తగిలే అరలో ఉన్న పచ్చ లేదా తెల్ల గాజు సీసా కంటే డబ్బానో, ముదురు గోధుమరంగు సీసానో మేలు.

ఈ కారణాలవల్లనే ఒకే మాల్ట్‌తోపాటు ఒకే రకం హాప్స్ వాడే స్మాష్ బీర్లకు నేర్చుకునేవారి దృష్టిలో ప్రత్యేకమైన విలువ ఉంది. ఒకే మాల్ట్ మీద నాలుగు రకాల హాప్స్ కుమ్మరించిన బీరు హాప్స్‌ను ఇష్టపడేవారికి మంచిదే. అది హాప్స్‌ను పోల్చుకోవడానికి తగినది. మాల్ట్ కోసం వెతికేవారు చేదు తక్కువగా, అంటే చేదు కొలమానమైన ఐబీయూలో సుమారు 20 నుంచి 30 మధ్య ఉండి, లాగర్ ఈస్ట్‌తో గానీ, శుభ్రంగా పులిసే ఏల్ ఈస్ట్‌తో గానీ చేసినదాన్ని తీసుకోవాలి. ఒకే తయారీదారు ఒకే హాప్స్, ఒకే ఈస్ట్‌తో మాల్ట్‌ను మాత్రమే మార్చి చేసిన రెండు బీర్లు దొరికితే, వేరు వేరు చోట్ల తయారైన నాలుగు ప్రసిద్ధ బీర్ల కంటే ఆ రెండే ఎక్కువ నేర్పుతాయి.

గ్లాసు ముందు కూర్చున్నాక

పోల్చడానికి పై అంచు కాస్త లోపలికి ముడుచుకున్న గ్లాసులు రెండు, ఒకే రకానివి, చాలు. ఒక్కోదానిలో 100 మిల్లీలీటర్లకు మించి పోయనక్కరలేదు. బాగా చల్లగా ఉన్న బీరులో మాల్ట్ దాదాపు మూగబోతుంది. ఫ్రిజ్ నుంచి తీసి పోసిన వెంటనే ఒకసారి వాసన చూసి, 8 డిగ్రీల దగ్గర మరోసారి, 12 డిగ్రీలకు చేరాక ఇంకోసారి చూస్తే, ఒకే గ్లాసులో మాల్ట్ ఎలా తెరుచుకుంటుందో తెలుస్తుంది. లేతదాని నుంచి ముదురుదానికి వెళ్ళాలి. మ్యూనిక్ తరువాత పిల్స్‌నర్ తాగితే అది నీళ్ళలా తోస్తుంది. వాసన చూసేటప్పుడు దీర్ఘంగా పీల్చడం కంటే, గ్లాసును నెమ్మదిగా తిప్పి, రెండు మూడు చిన్న పీల్పులు తీసుకుని ఆపడం మంచిది. గుటక వేసిన తరువాత నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే రొట్టె ఛాయలన్నీ ఆ క్షణంలోనే బయటపడతాయి. మాల్ట్ గురించి నమ్మదగిన సమాచారం నాకు ఎక్కువగా ఇచ్చేది ఆ వదిలే శ్వాసే.

రెండు బీర్ల మధ్య తేడా నిజంగా తెలుస్తోందా, లేక పేర్లు చదివినందువల్ల తెలుస్తున్నట్టు ఉందా అన్నది తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష ఉంది. రెండింటిలో ఒక బీరు, మూడోదానిలో మరొకటి మీకు కనిపించకుండా ఇంకొకరు పోయాలి. వేరుగా ఉన్నది ఏదో మీరు చెప్పాలి. ఊహతో చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక, దీన్ని కొన్నిసార్లు చేస్తేనే ఫలితానికి అర్థం. రంగు తేడా కనిపించే జంటలకైతే కళ్ళు మూసుకోవాలి.

బీరు కొనే ముందే మాల్ట్‌ను తెలుసుకునే దారి కూడా ఉంది. మద్యం తాగనివారికి కూడా అది తెరిచే ఉంటుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ బ్రూయింగ్ కెమిస్ట్స్ ఆమోదించిన హాట్ స్టీప్ పద్ధతిలో 50 గ్రాముల మాల్ట్‌ను పిండిగా ఆడి, 65 డిగ్రీల వేడి ఉన్న 400 మిల్లీలీటర్ల నీటితో థర్మోస్‌లో పోసి, మూత బిగించి కుదిపి, 15 నిమిషాలు ఆగి, కాగితపు ఫిల్టరులో వడకడతారు. వచ్చిన తియ్యని రసంలో హాప్స్ లేవు, ఈస్ట్ లేదు, ఆల్కహాలు లేదు. ఉన్నది మాల్ట్ మాత్రమే. పిల్స్‌నర్, వియెన్నా, మ్యూనిక్ రసాలను మూడు చిన్న గ్లాసుల్లో వరుసగా పెట్టుకుంటే, ఎండుగడ్డి నుంచి కాల్చిన రొట్టె దాకా జరిగే ప్రయాణం ఎవరికైనా మొదటి ప్రయత్నంలోనే పట్టుబడుతుంది. రసం అదే రోజు వాడేయాలి. నిలవ ఉంటే పులిసిపోతుంది. ఇంట్లో బీరు తయారుచేసుకునేవారు మాల్ట్ బస్తా కొనే ముందు ఈ పని చేయడం చాలా అవసరమని నా గట్టి నమ్మకం.

ఎవరికి ఏది

ఒక్క సీసాయే కొనగలిగితే వియెన్నా తీసుకోండి. రెండు కొనగలిగితే పక్కపక్కన ఉన్న కోవలను కాక, దూరంగా ఉన్న పిల్స్‌నర్, మ్యూనిక్ జంటను తీసుకోండి. పెద్ద తేడా పట్టుకున్న నాలుకకే చిన్న తేడాలు అందుతాయి. చేదును ఇష్టపడి, మాల్ట్‌ను దానికి తోడుగా మాత్రమే కోరేవారికి మారిస్ ఆటర్‌తో చేసిన ఏల్ సరిపోతుంది. వేసవి వేడిలో గ్లాసు నిండా తాగాలనుకునేవారికి పిల్స్‌నర్ మాల్ట్ లాగర్‌కు సాటి లేదు. లేబుల్ మీద ఒకే మాల్ట్ అని మాత్రమే ఉండి, అది ఏ మాల్ట్ అన్న సంగతి ఎక్కడా లేకపోతే, తయారీదారును అడిగి తెలుసుకోండి. జవాబు రాకపోతే, పోలిక కోసం ఆ సీసాను కొనవద్దు.